పిల్లల తుంటి ఎక్స్‌రేలో ఆ నల్ల గీత ఫ్రాక్చరా, గ్రోత్ ప్లేటా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ బాబుకి 11 ఏళ్లు. నెల రోజులుగా కుడి మోకాలు నొప్పి అంటున్నాడు, కాస్త కుంటుతున్నాడు. మోకాలి ఎక్స్‌రేలో ఏమీ లేదు. తర్వాత తుంటికి ముందు వైపు నుంచి ఒక ఎక్స్‌రే తీశారు. అందులో తొడ ఎముక తల కింద ఒక నల్ల గీత కనిపించింది. రిపోర్టులో "గ్రోత్ ప్లేట్లు తెరిచి ఉన్నాయి, ఫ్రాక్చర్ లేదు" అని రాశారు. ఆ గీత ఎముక విరిగిన గుర్తేనా, తుంటిలో జబ్బు ఉంటే ఎక్స్‌రేలో ఎలా తెలుస్తుంది అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ గీత విరిగిన గుర్తు కాదు. అది గ్రోత్ ప్లేట్, ఎముక పొడుగు పెరిగే చోటు. 11 ఏళ్ల పిల్లవాడికి అది కనిపించకపోతేనే అనుమానించాలి. అయితే ఆ రిపోర్టు చూసి ఊరుకోమని మాత్రం చెప్పలేను. ఈ వయసులో కుంటుతూ మోకాలు నొప్పి అనే పిల్లలకి ముందు నుంచి తీసిన ఒక్క ఎక్స్‌రే సరిపోదు. పక్క నుంచి తీసిన ఫిల్మ్ కూడా కావాలి, అదీ ఇవాళో రేపో. అది చూసేదాకా ఆటలు, పరుగులు, మెట్లు అన్నీ ఆపించండి. వీలైతే ఆ కాలి మీద బరువు వేయనివ్వకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను. పిల్లల ఎముకల డాక్టరుగా ఇరవై ఏళ్లు దాటింది. ఈ ఒక్క విషయంలో ఆలస్యం వల్ల నష్టపోయిన పిల్లల్ని చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ గీత నల్లగా ఎందుకుంటుందో చూద్దాం. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించేది కాల్షియం. ఎముకలో అది దండిగా ఉంటుంది కాబట్టి కిరణాలను అడ్డుకుంటుంది. గ్రోత్ ప్లేట్ అంటే మృదులాస్థి, అంటే ఇంకా ఎముకగా మారని మెత్తటి పదార్థం. చెవి తమ్మెకి పైన వంచితే వంగే గట్టి భాగం ఉంటుంది చూడండి, అదీ మృదులాస్థే. దాంట్లో కాల్షియం లేదు కాబట్టి కిరణాలు దాటిపోతాయి. ఫిల్మ్ మీద అక్కడ ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఖాళీ లేదు. ఎముకలో అన్నిటికన్నా చురుగ్గా పనిచేసే కణాలు అక్కడే వరసలు కట్టి ఉంటాయి. ఒక వైపు కణాలు విభజన చెందుతూ కొత్తవి పుడతాయి. అవి ఉబ్బుతాయి. చివరి వరసలో వాటి చుట్టూ కాల్షియం చేరుతుంది. ఆ కాల్షియం చేరిన అంచు ఎక్స్‌రేలో సన్నటి తెల్ల గీతలా, శుభ్రంగా కనిపిస్తుంది. ఆ తెల్ల అంచు మాకు చాలా ముఖ్యం. విటమిన్ డి లోపంతో రికెట్స్ వచ్చిన పిల్లల్లో ఆ అంచు మాసిపోయి, ప్లేట్ వెడల్పయి, ఎముక చివర పీచులు పీచులుగా కనిపిస్తుంది.

ఉబ్బిన కణాల వరస ఉంది చూశారా, అదే ఈ కట్టడంలో బలహీనమైన చోటు. రెండు రాళ్ల మధ్య ఇంకా ఆరని సున్నం ఉన్నట్టు ఊహించుకోండి. పెద్దవాళ్లలో ఆ సున్నం ఆరి రాయితో కలిసిపోయి ఉంటుంది. పిల్లల్లో ఇంకా తడిగానే ఉంటుంది. గట్టిగా పక్కకి నెడితే జారేది అక్కడే. గ్రోత్ ప్లేట్ గాయాలను 1963లో సాల్టర్, హారిస్ అనే ఇద్దరు సర్జన్లు ఐదు రకాలుగా విభజించారు. ఇప్పటికీ అందరం ఆ లెక్కే వాడుతున్నాం. అందులో మొదటి రకంలో చీలిక మొత్తం ప్లేట్ గుండానే పోతుంది, ఎముకని తాకదు. ఎముకలు పక్కకి కదలకపోతే ఎక్స్‌రే పూర్తిగా మామూలుగా ఉంటుంది. అంటే నల్ల గీత కనిపించడం గాయం కాదు, నల్ల గీత మామూలుగా ఉన్నంత మాత్రాన గాయం లేదనీ కాదు.

పిల్లల తుంటి ఫిల్మ్ చదవడంలో కష్టమంతా ఇక్కడే ఉంది. ఫిల్మ్ మీద కనిపించే దానికన్నా కనిపించనిది ఎక్కువ. అప్పుడే పుట్టిన బిడ్డ తొడ ఎముక తల మొత్తం మృదులాస్థే. ఎక్స్‌రేలో అసలు ఉండదు. సుమారు 4 నుంచి 6 నెలల మధ్య దాని నడుమ ఒక తెల్లటి చుక్క మొదలవుతుంది. కొందరికి ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఆ చుక్క పెరిగి పెరిగి గుండ్రటి తల అవుతుంది. తొడ పై భాగంలో బయటికి పొడుచుకొచ్చే పెద్ద ట్రోకాంటర్ మూడు నాలుగేళ్లకి కనిపిస్తుంది. లోపలి వైపు చిన్నది పదేళ్ల ప్రాంతంలో వస్తుంది. తల ఇమిడే గిన్నె కూడా మూడు ఎముకలు కలిసి ఏర్పడేదే. ఆ మూడూ కలిసే చోట మూడు కొమ్మల మృదులాస్థి ఉంటుంది. ఫిల్మ్‌లో గిన్నె నడుమ నల్ల చీలికలా కనిపిస్తుంది. అది చూసి కటి ఎముక పగిలిందని వణికిపోయిన అమ్మానాన్నలు చాలామంది నా దగ్గరికి వచ్చారు. అది మూసుకునేది అమ్మాయిల్లో 12 నుంచి 14, అబ్బాయిల్లో 14 నుంచి 16 ఏళ్ల ప్రాంతంలో. తొడ ఎముక తల కింది ప్లేట్ ఆ తర్వాత, అమ్మాయిల్లో సుమారు 14 నుంచి 16, అబ్బాయిల్లో 16 నుంచి 18 మధ్య మూసుకుంటుంది. ఒక్కో పిల్లవాడికీ ఏడాది రెండేళ్లు అటూ ఇటూ అవుతుంది, దానికి టెన్షన్ అక్కర్లేదు.

అందుకే పిల్లల ఫిల్మ్ చేతికి రాగానే నేను చూసే మొదటి విషయం ఎముక కాదు, మూలన రాసి ఉన్న వయసు. నాలుగేళ్ల వాడిలో మామూలైనది పద్నాలుగేళ్ల వాడిలో జబ్బు కావచ్చు. రెండోది, అవతలి తుంటి. దేవుడు రెండు తుంట్లు ఇచ్చాడు, పోల్చి చూసుకోమని అనుకుంటాను. ప్లేట్ అయితే రెండు వైపులా ఒకే చోట, ఒకే వంపులో, నునుపైన అంచులతో ఉంటుంది. విరిగిన గీత అయితే అంచులు పదునుగా, గరుకుగా ఉంటాయి. గీత ప్లేట్ దారిలో కాకుండా ఎముకని కోసుకుంటూ పోతుంది. అవతలి వైపు అలాంటిది ఉండదు.

అయితే రెండు వైపులా పోల్చడానికీ ఒక హద్దు ఉంది. మనం కూర్చున్నప్పుడు కింద ఆనే ఎముక, పొత్తికడుపు కింద ముందు వైపు ఉండే జఘన ఎముక కలిసే చోట ఒక అతుకు ఉంటుంది. సుమారు 4 నుంచి 12 ఏళ్ల లోపు అది మూసుకుంటుంది. రెండు వైపులా ఒకేసారి మూసుకోవాలని లేదు. మూసుకునే ముందు ఒక పక్క ఉబ్బెత్తుగా, మచ్చలుగా కనిపిస్తుంది. నేను కొత్తగా పని నేర్చుకునే రోజుల్లో ఒక ఎనిమిదేళ్ల పాపకి దాన్ని చూసి గడ్డేమో అనుకుని ఎమ్మారై వరకు వెళ్లాం. ఆ వారం రోజులూ ఆ తల్లి నిద్రపోలేదు. చివరికి అది మామూలు ఎదుగుదలే. ఇప్పుడు అలాంటి ఫిల్మ్ వస్తే ముందు ఆ చోట నొప్పి ఉందా అని వేలితో నొక్కి చూస్తాను. నొప్పి లేకపోతే అక్కడితో వదిలేస్తాను.

ఇక మీ బాబు విషయం. నాకు భయం ఉన్నది దీని గురించే.

తొడ ఎముక తల జారడం. డాక్టర్లు ఎస్‌సీఎఫ్ఈ అంటారు, పూర్తి పేరు స్లిప్డ్ క్యాపిటల్ ఫెమొరల్ ఎపిఫిసిస్. సాధారణంగా 10 నుంచి 16 ఏళ్ల మధ్య వస్తుంది, అబ్బాయిల్లో కొంచెం ఎక్కువ. బరువు ఎక్కువున్న పిల్లల్లో ఎక్కువగా చూస్తాం, కానీ సన్నటి పిల్లల్లోనూ వస్తుంది. యుక్తవయసు మొదలయ్యే వేళ ఎదుగుదల జోరందుకుంటుంది. అప్పుడు ప్లేట్ వెడల్పవుతుంది, ఏటవాలుగా కూడా మారుతుంది, దాని మీద పడే బరువూ పెరుగుతుంది. ఆ ఆరని సున్నం దగ్గర నెమ్మదిగా జారుతుంది. పుట్టగొడుగు తల కాడ మీద నుంచి పక్కకి ఒరిగినట్టు ఉంటుందని చెబుతుంటాం. నిజానికి తల గిన్నెలోనే ఉంటుంది. దాని కింది మెడ భాగం ముందుకీ పైకీ కదులుతుంది. దాంతో తల వెనక్కీ కిందికీ ఒరిగినట్టు కనిపిస్తుంది.

నొప్పి మోకాలిలో ఎందుకంటారా? తుంటికీ మోకాలికీ స్పర్శ మోసుకెళ్లే నరాల్లో కొన్ని ఒకటే. అందుకని తుంటిలో పుట్టిన నొప్పిని మెదడు మోకాలిదిగా చదువుకుంటుంది. ఈ జబ్బున్న పిల్లల్లో కొందరు తుంటి మాటే ఎత్తరు. గజ్జల్లోనో, తొడలోనో, మోకాలిలోనో అంటారు. నా దగ్గరికి వచ్చిన ఒక పన్నెండేళ్ల పాపకి మూడు నెలల్లో రెండుసార్లు మోకాలి ఎక్స్‌రే తీశారు, మోకాలికి పట్టీ వేశారు, వ్యాయామాలు చెప్పారు. ఒక్కరూ తుంటిని తిప్పి చూడలేదు. పాప పడుకుని ఉన్నప్పుడు నేను మోకాలు పొట్ట వైపు వంచాను. కాలు నేరుగా పైకి రాకుండా దానంతట అది బయటికి తిరిగిపోయింది. దాన్ని లోపలికి తిప్పబోతే పాప ఏడ్చింది. ఆ ఒక్క పరీక్షతోనే విషయం అర్థమైంది, ఎక్స్‌రే దాన్ని ఖాయం చేసింది. మూడు నెలల ముందే చూసి ఉంటే కొద్దిపాటి జారుడు దగ్గర ఆగేది. నేను చూసేసరికి సగానికి పైగా ఒరిగిపోయింది.

ముందు నుంచి తీసిన ఫిల్మ్‌లో దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన గీత ఉంది. తొడ ఎముక మెడ పై అంచు వెంబడి ఒక స్కేలు పెట్టి గీత గీయండి. దీన్ని క్లైన్ గీత అంటారు. మామూలు తుంటిలో ఆ గీత తల బయటి అంచులో కొంత ముక్కని కోసుకుంటూ పోతుంది. తల జారితే గీత తలని తాకకుండా పైనుంచి పోతుంది, లేదా అవతలి వైపుకన్నా తక్కువ ముక్కని కోస్తుంది. రెండు వైపులా ఆ ముక్క వెడల్పు కొలిచి 2 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో తేడా ఉంటే అనుమానించాలి. ప్లేట్ ఒక పక్క వెడల్పుగా, అంచులు మసకగా ఉండటం ఇంకో గుర్తు. మెడ మీద నెలవంకలాంటి తెల్లటి నీడ పడటం మరొకటి. వెనక్కి ఒరిగిన తల మెడ మీద పడి రెండు తెలుపులూ కలిసి అలా కనిపిస్తాయి.

కానీ ఈ గుర్తులేవీ లేకపోయినా జారుడు ఉండొచ్చు. ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి. తల ముందుగా జారేది వెనక్కి. ముందు నుంచి తీసిన ఫిల్మ్‌లో వెనక్కి జరిగింది కనిపించదు. గోడకి ఎదురుగా నిలబడి చూస్తే అది వెనక్కి ఎంత వాలిందో తెలియదు కదా, పక్కకి వెళ్లి చూడాలి. ఇదీ అంతే. పక్క నుంచి తీసిన ఫిల్మ్‌లో కొద్దిపాటి జారుడు కూడా మెట్టులా కనిపిస్తుంది. మామూలుగా మోకాళ్లు మడిచి రెండు కాళ్లూ బయటికి వాల్చి తీస్తారు. కప్ప కూర్చున్నట్టు ఉంటుంది కాబట్టి ఫ్రాగ్ లెగ్ వ్యూ అంటారు. మీ బాబుకి అడగాల్సింది ఇదే, రెండు తుంట్లూ పడేలా.

ఒక జాగ్రత్త ఉంది. పిల్లవాడు ఊతకర్రలు ఇచ్చినా అడుగు వేయలేనంత నొప్పితో ఉంటే మాత్రం కాళ్లని అలా వాల్చకూడదు. ఆ కదలికకే తల మరింత జారవచ్చు. అప్పుడు కాలిని కదపకుండా, అడ్డంగా కిరణం పంపి తీసే లాటరల్ ఫిల్మ్ తీయమనాలి. నడవగలగడం, నడవలేకపోవడం అన్నది ఈ జబ్బులో అంత ముఖ్యం. 1993లో అమెరికా ఎముకల సర్జన్ లోడర్ బృందం ఈ జబ్బున్న తుంట్లని ఇలా రెండుగా విడదీసి చూసింది. నడవగలిగిన పిల్లల్లో ఒక్కరికీ తొడ ఎముక తలకి రక్తప్రసరణ దెబ్బతినలేదు. నడవలేని వాళ్లలో దాదాపు సగం మందికి, 47 శాతానికి, దెబ్బతింది. తర్వాతి కాలంలో వచ్చిన లెక్కల్లో ఆ సంఖ్య కొంత తగ్గినా తేడా మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు కుంటుతూ నడుస్తున్న పిల్లవాడు రేపు ఆటలో ఒక్కసారి పడితే మొదటి గుంపులో నుంచి రెండో గుంపులోకి వెళ్లిపోవచ్చు. పరుగులు ఆపించమని పైన అంత గట్టిగా రాసింది ఇందుకే.

జారుడు ఉందని తేలితే ఇంటికి పంపడం ఉండదు. అదే రోజు ఆసుపత్రిలో చేర్చుకుంటాం. మెడ గుండా తలలోకి ఒక స్క్రూ వేసి ఇంకా జారకుండా నిలబెడతాం. తొందరగా పట్టుకుంటే చిన్న ఆపరేషన్. "స్క్రూ వేస్తే ఎదుగుదల ఆగిపోదా" అని అందరూ అడుగుతారు. ఆ ప్లేట్ చాలావరకు మూసుకుంటుంది, నిజమే. అయితే తొడ ఎముక పొడుగులో పై ప్లేట్ వాటా సుమారు 30 శాతమే, మిగతా 70 శాతం మోకాలి దగ్గరి ప్లేట్‌ది. పదకొండేళ్ల తర్వాత మూసుకుంటే కాళ్ల పొడుగులో వచ్చే తేడా చాలామందిలో పెద్దగా ఉండదు. మరీ చిన్న పిల్లలైతే ఆ లెక్క వేరే వేసుకుంటాం.

అవతలి తుంటి కూడా జారే అవకాశం తక్కువేం కాదు. సుమారు ఐదుగురిలో ఒకరి నుంచి ఇద్దరి వరకు ఎప్పుడో ఒకప్పుడు రెండో వైపూ జారుతుంది. వయసు పదేళ్ల లోపు ఉన్నా, పిల్లవాడు సన్నగా, పొట్టిగా ఉన్నా థైరాయిడ్, ఎదుగుదల హార్మోన్, కిడ్నీ పరీక్షలు చేయిస్తాం. ఒక తొమ్మిదేళ్ల బాబుకి రెండు తుంట్లూ జారి వస్తే అసలు కారణం థైరాయిడ్ లోపం అని తేలింది. ఏళ్ల తరబడి మందకొడిగా ఉంటున్నాడని, ఎత్తు పెరగట్లేదని ఇంట్లో వాళ్లకి తెలుసు. ఆ రెండిటినీ తుంటితో ఎవరూ కలిపి చూడలేదు.

ఇది కాకుండా మీ బాబు వయసుకి కాస్త ముందు వచ్చే ఇంకో జబ్బు ఉంది, పెర్థిస్. ఎక్కువగా 4 నుంచి 8 ఏళ్ల పిల్లల్లో, అమ్మాయిలకన్నా అబ్బాయిల్లో నాలుగైదు రెట్లు ఎక్కువగా వస్తుంది. 11 ఏళ్లకీ రావచ్చు. తొడ ఎముక తలకి రక్తం అందడం కొంతకాలం ఆగిపోతుంది, ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. దీని చరిత్ర ఎక్స్‌రేతో ముడిపడి ఉంది. 1895లో రోంట్‌గెన్ ఎక్స్‌రే కనిపెట్టకముందు ఇలా కుంటే పిల్లలందరినీ తుంటి క్షయ అనే అనుకునేవాళ్లు. ఏళ్ల తరబడి మంచం మీద ఉంచేవాళ్లు. ఫిల్మ్‌లు తీయడం మొదలయ్యాక 1910లో అమెరికాలో లెగ్, ఫ్రాన్స్‌లో కాల్వే, జర్మనీలో పెర్థిస్ ముగ్గురూ విడివిడిగా ఇది క్షయ కాదని, వేరే జబ్బని గుర్తించారు.

పెర్థిస్ ఎక్స్‌రేలో నెలల తరబడి రూపం మారుస్తూ పోతుంది. మొదటి వారాల్లో ఫిల్మ్ పూర్తిగా మామూలుగా ఉండొచ్చు. తర్వాత తల అవతలి వైపుకన్నా చిన్నగా, సున్నం పూసినట్టు మరీ తెల్లగా కనిపిస్తుంది. లోపలి వైపు కీలు సందు కాస్త వెడల్పవుతుంది. కొందరిలో తల పై అంచు కింద నెలవంక ఆకారంలో సన్నటి నల్ల గీత వస్తుంది. అది మాత్రం గ్రోత్ ప్లేట్ కాదు, నిజంగానే చిట్లిన గీత. అది కూడా ఫ్రాగ్ లెగ్ ఫిల్మ్‌లోనే బాగా కనిపిస్తుంది. ఆ తర్వాత తల ముక్కలు ముక్కలుగా విడిపోయినట్టు అవుతుంది. ఈ దశలో ఫిల్మ్ చూసిన తల్లిదండ్రులు కుంగిపోతారు. అయితే ముక్కలైనట్టు కనిపించడమంటే శరీరం చచ్చిన ఎముకని తొలగించి కొత్తది కట్టడం మొదలుపెట్టిందని అర్థం. మొత్తం రెండు నుంచి నాలుగేళ్ల ప్రయాణం. ఆ దశలో తల బయటి వైపు మూడో వంతు ఎంత ఎత్తు నిలిచిందో కొలుస్తాం. ఆ భాగం సగానికి పైగా నిలిస్తే ఆశ ఎక్కువ, సగానికి తక్కువైతే తల చదునుగా మారే ప్రమాదం ఎక్కువ. ఎనిమిదేళ్ల లోపు మొదలైన వాళ్లకి మళ్లీ గుండ్రంగా మలుచుకోవడానికి సమయం ఉంటుంది. అందుకే వయసు ఇక్కడ కూడా సగం తీర్పు చెప్పేస్తుంది.

రెండు వైపులా ఒకేసారి, ఒకేలా, అద్దంలో బొమ్మలా పెర్థిస్ లాంటి మార్పులు కనిపిస్తే నేను పెర్థిస్ అనడానికి వెనకాడతాను. పెర్థిస్ రెండు వైపులా వచ్చినా సాధారణంగా ముందూ వెనకా వస్తుంది. ఒకేలా ఉంటే థైరాయిడ్ లోపం, లేదా ఎముకల చివరలు పుట్టుకతోనే సరిగా ఏర్పడని జన్యు జబ్బు ఉందేమో వెతకాలి. అప్పుడు మోకాళ్లు, మణికట్లు కూడా ఫిల్మ్ తీస్తే తెలిసిపోతుంది. సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జన్యు జబ్బు) ఉన్న పిల్లల్లోనూ తొడ ఎముక తలకి రక్తం ఆగి ఇదే రూపం వస్తుంది, దాన్నీ మర్చిపోకూడదు.

పసిపిల్లల్లో వచ్చేది తుంటి సరిగా కుదురుకోకపోవడం, డీడీహెచ్ అంటారు. మీ బాబుకి ఇది వర్తించదు గానీ ఇక్కడ చదివే వేరేవాళ్ల కోసం నాలుగు మాటలు. నాలుగు నెలల లోపు బిడ్డకి ఎక్స్‌రే కన్నా అల్ట్రాసౌండ్ మేలు. పైన చెప్పినట్టు అప్పటికి తల మృదులాస్థే, ఎక్స్‌రేకి కనిపించదు, అల్ట్రాసౌండ్‌కి కనిపిస్తుంది. ఆ తర్వాత ఎక్స్‌రేలో రెండు వైపుల మూడు కొమ్మల మృదులాస్థి గుండా ఒక అడ్డగీత, గిన్నె బయటి అంచు నుంచి ఒక నిలువు గీత గీస్తాం. తల చుక్క ఆ నాలుగు గదుల్లో కింది లోపలి గదిలో ఉండాలి. బయటికో పైకో పోతే జారినట్టే. గిన్నె పైకప్పు వాలు పుట్టినప్పుడు 30 డిగ్రీల లోపు, ఏడాది దాటాక 25 లోపు ఉండాలి. ఆడపిల్లలు, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు, ఇంట్లో ఇంతకుముందు ఈ సమస్య ఉన్నవాళ్లు తప్పకుండా చూపించుకోవాలి. ఆరు నెలల లోపు పట్టుకుంటే చాలామందికి పట్టీలతోనే సరిపోతుంది. నడక వచ్చాక పట్టుకుంటే ఆపరేషన్ దాకా పోతుంది.

ఎక్స్‌రే మామూలుగా ఉన్నా అత్యవసరమైనది ఒకటుంది, కీలులో చీము. జ్వరం, కాలు కింద పెట్టలేకపోవడం, తుంటిని ముట్టుకోనివ్వకపోవడం, ఈ మూడూ కలిస్తే ఎక్స్‌రే బాగుందని రాత్రంతా ఆగకండి. మొదటి రోజుల్లో ఫిల్మ్‌లో ఏమీ కనిపించదు. చీము గంటల్లో మృదులాస్థిని తినేస్తుంది. రక్త పరీక్షలు, అల్ట్రాసౌండ్ అప్పటికప్పుడే చేయించాలి. దీనికి దగ్గరగా కనిపించేది జలుబు తర్వాత వచ్చే తుంటి వాపు. 3 నుంచి 10 ఏళ్ల పిల్లల్లో వస్తుంది, వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గిపోతుంది. మీ బాబుకి నెల అయింది కాబట్టి అది కాదనే అనుకుంటున్నాను.

ఆటలాడే పెద్ద పిల్లల్లో మరొకటి. ఒక్కసారిగా పరుగందుకున్నప్పుడో, బంతిని గట్టిగా తన్నినప్పుడో "టప్"మన్న శబ్దంతో నొప్పి వస్తుంది. కండరం దాన్ని పట్టుకున్న ఎముక ముక్కని గ్రోత్ ప్లేట్ దగ్గర నుంచి ఊడదీస్తుంది. ఫిల్మ్‌లో కటి అంచున చిన్న ముక్క దూరంగా కనిపిస్తుంది. చాలావరకు విశ్రాంతితో అతుక్కుంటుంది. మీరు చెప్పిన నొప్పి అలా ఒక్కసారిగా మొదలవలేదు కదా, అందుకని దీని మీద నాకు అనుమానం లేదు.

ఇంకో ఎక్స్‌రే అంటే రేడియేషన్ అని వెనకాడుతున్నారేమో. ఇప్పటి డిజిటల్ యంత్రాల్లో పిల్లల తుంటికి ఒక ఫిల్మ్‌కి పడే మోతాదు చాలా తక్కువ. చూడకుండా వదిలేస్తే జరిగే నష్టంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. అనవసరంగా నెలనెలా తీయించడాన్ని నేనూ ఒప్పుకోను, కానీ ఈ ఒక్కటి అవసరం. పాత ఫిల్మ్ కూడా వెంట తీసుకెళ్లండి. అది నేరుగా పడుకోబెట్టి తీశారా లేదా అన్నదీ చూడాలి. కటి ఒక పక్కకి తిరిగి ఉంటే రెండు తుంట్లనీ పోల్చలేం. వెన్ను చివరి తోక ఎముక ముందు జఘన ఎముకల అతుకుకి సరిగ్గా పైన ఉందా, కింద రెండు పక్కల కనిపించే గుండ్రటి రంధ్రాలు ఒకే సైజులో ఉన్నాయా అని మీరే చూడొచ్చు. అవి తేడాగా ఉంటే ఆ ఫిల్మ్ మీద ఆధారపడి ఏదీ చెప్పలేం, మళ్లీ తీయమనండి.

రేపు డాక్టరు దగ్గర అడగాల్సినవి ఇవి. బాబు మోకాలు పొట్ట వైపు వంచినప్పుడు కాలు బయటికి తిరుగుతోందా? లోపలికి తిప్పితే రెండు వైపులా తేడా ఉందా? రెండు తుంట్లకీ ఫ్రాగ్ లెగ్ ఫిల్మ్ తీయగలరా? ఆ ఫిల్మ్ కూడా బాగుండి, కాలు లోపలికి తిప్పితే నొప్పి మాత్రం ఉంటే ఎమ్మారై అడగండి. జారడానికి ముందే ప్లేట్ చుట్టూ వచ్చే వాపు ఎమ్మారైలో కనిపిస్తుంది. పరీక్షలో తుంటి పూర్తిగా హాయిగా తిరిగి, రెండు ఫిల్మ్‌లూ బాగుంటే అప్పుడు మోకాలి మీద దృష్టి పెట్టొచ్చు. ఆ ఫిల్మ్ తీయించాక బాబు కాలు తిప్పినప్పుడు డాక్టరు ఏం చెప్పారు, రెండో ఫిల్మ్ రిపోర్టులో ఏం రాశారు ఇక్కడే రాయండి. పేరు, ఆసుపత్రి వివరాలు కనిపించకుండా చెరిపేసి ఫోటో పెట్టినా సరే, చూసి చెబుతాను. ఈలోగా బాబు కాలు అస్సలు కింద పెట్టలేకపోతే నా జవాబు కోసం ఆగకండి. నడిపించకుండా, పడుకోబెట్టి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.